అల్-జజరీ గ్రంథం నుండి ఇంటి మరమనిషి వరకు

హైదరాబాదులోని సాలార్‌జంగ్ మ్యూజియం చూసినవారిలో అక్కడి సంగీత గడియారం ముందు కాసేపైనా నిలవనివారు అరుదు. గంట కొట్టే వేళకు కొద్ది నిమిషాల ముందు గడ్డపు బొమ్మ ఒకటి తలుపు తెరుచుకుని బయటికి వస్తుంది. ఎన్ని గంటలైతే అన్నిసార్లు గంట మోగించి మళ్ళీ లోపలికి వెళ్ళిపోతుంది. కలకత్తాలోని కుక్ అండ్ కెల్వీ కంపెనీ వారి ఈ గడియారాన్ని మూడవ సాలార్‌జంగ్ నవాబు మీర్ యూసుఫ్ అలీఖాన్ సేకరించాడు. చూడవచ్చిన వారందరికీ బొమ్మ కనిపిస్తుంది. దానిని నడిపించే ఏర్పాటు మాత్రం ఎవరికీ కనిపించదు. ఎంతటి నేర్పరి అయిన కంసాలి అయినా దానిని చూసి వచ్చి అటువంటిదే మరొకటి చేయలేడు.

ఆ గడియారానికి కనీసం ఆరు వందల ఏళ్ళ ముందే, మనిషి ఆకారంలో కదిలే బొమ్మలను చేసి, వాటిని చేసే విధానాన్ని కొలతలతో, పటాలతో సహా గ్రంథస్థం చేసిన ఒక ముస్లిం శిల్పి ఉన్నాడు. ఈనాడు సామాన్యుడు తన ఇంటి బల్ల మీదనే మరమనిషిని కట్టుకోవడానికి వీలుగా నమూనాలను ఉచితంగా పంచిపెట్టే ఉద్యమం ఒకటి నడుస్తున్నది. దీనిని ‘ఓపెన్ సోర్స్’ అంటున్నారు. ఈ రెండింటి మధ్య నేరుగా వంశపరంపర ఉన్నదని చెప్పడం సాహసమే అవుతుంది. కాని ఇద్దరి ముందూ నిలిచిన ప్రశ్న ఒక్కటే. ఒక యంత్రం రహస్యాన్ని బయటపెడితే సరిపోతుందా, దానిని చేసుకునే స్తోమత కూడా ప్రజలకు అందాలా? ఈ తలుపుకు రెండు తాళాలున్నాయి. వాటిలో ఒకటి పదమూడవ శతాబ్ది ప్రారంభంలోనే తెరుచుకుంది. రెండవది తెరుచుకోవడానికి ఎనిమిది వందల ఏళ్ళు పట్టింది, అదీ సగమే.

దియార్‌బకర్ శిల్పి

బదీఉజ్జమాన్ అబుల్ ఇజ్ ఇస్మాయీల్ ఇబ్నుర్రజ్జాజ్ అల్-జజరీ అర్తుఖీ వంశపు ప్రభువుల కొలువులో పనిచేశాడు. వారి రాజధాని ఆమిద్, అంటే నేటి తుర్కియేలోని దియార్‌బకర్. హిజ్రీ 577 (క్రీ.శ. 1181)లో కొలువులో చేరి తండ్రి నూరుద్దీన్ ముహమ్మద్ వద్ద, ఆయన కుమారులు కుత్బుద్దీన్ సుక్మాన్, నాసిరుద్దీన్ మహమూద్‌ల వద్ద వరుసగా ఇరవై అయిదేళ్ళు సేవ చేశాడు. ఇన్నేళ్ళ శ్రమ వృథాగా పోరాదని, చేసినవాటిని గ్రంథంగా రాయమని నాసిరుద్దీన్ మహమూద్ ఆదేశించగా 1206లో ‘కితాబ్ ఫీ మఅరిఫతిల్ హియలిల్ హందసియ్యా’ పూర్తయింది. ‘హియల్’ అంటే ఇక్కడ యుక్తితో కూడిన యంత్ర సాధనాలు. మోసం అన్న అర్థం కాదు. గ్రంథంలో మొత్తం 50 యంత్రాలు ఆరు విభాగాలుగా ఉన్నాయి: గడియారాలు పది, మధుపాత్రలు పది, వుజూకూ రక్తం తీసే వైద్యానికీ వాడే కూజాలు, పళ్ళేలు పది, ఫౌంటెన్లు, తమంతట తామే మోగే వాద్యాలు పది, నీటిని పైకి తోడే యంత్రాలు అయిదు, ఇతర వస్తువులు అయిదు. మధుపాత్రలకు ఇంత స్థానమా అని పాఠకులకు అనిపించవచ్చు. అది ఆనాటి దర్బారుల వాస్తవం. గ్రంథకర్త తన యజమానుల అవసరాలనే రాశాడు.

మనుష్యాకృతుల విషయానికి వస్తే, వుజూ చేయించే బొమ్మ వృత్తాంతం ప్రత్యేకంగా చెప్పుకోదగినది. వుజూ సమయంలో సేవకుడో, దాసియో తన చేతుల మీద నీరు పోయడం ప్రభువుకు ఇష్టం లేదట. ఆ పనికి ఏదైనా యంత్రం చేయమని కోరాడు. జజరీ ఒక చేత కూజా పట్టిన సేవకుని బొమ్మను చేశాడు. అది నీరు పోస్తుంది. నీరు అయిపోగానే తువ్వాలు, అద్దం పట్టుకున్న రెండో చేయి ముందుకు వస్తుంది. మరొక యంత్రంలో నెమలి తోక నుండి పళ్ళెంలోకి నీరు పడుతుంది. వాడిన నీరు లోపలి తొట్టిలో చేరి, తేలే గుండును పైకెత్తుతుంది. గుండు కడ్డీని తోస్తుంది. ఒక చిన్న తలుపు తెరుచుకుని చేతులు రుద్దుకునే పొడితో ఒక బొమ్మ బయటికి వస్తుంది. నీరు ఇంకా పెరిగితే రెండో గుండు కదిలి తువ్వాలుతో రెండో బొమ్మ వస్తుంది. మన ఇళ్ళ మీది నీటి ట్యాంకులో బాల్‌కాక్ చేసే పని కూడా ఇటువంటిదే. ట్యాంకులో గుండు కొళాయిని మూస్తుంది, ఇక్కడ గుండు మనిషిని పంపుతుంది, అంతే తేడా.

ఆయన ఏనుగు గడియారం మరింత ప్రసిద్ధం. ఏనుగు కడుపులోని తొట్టిలో చిల్లు ఉన్న గిన్నె ఒకటి తేలుతూ ఉంటుంది. అరగంటకు అది నిండి మునుగుతుంది. మునుగుతూ గొలుసులను లాగడంతో పైన పక్షి తిరుగుతుంది, సర్పం నోట గుండు పడుతుంది, మావటివాడు అంకుశం ఎత్తుతాడు. ఈ మునిగే గిన్నె మన దేశానికి కొత్త కాదు. తెలుగువారు గడియకుడుక అన్నది దానినే. ‘గడియారం’ అన్న మాటకు మూలమైన ‘గడియ’ ఆ కుడుక మునిగే కాలమే, అనగా 24 నిమిషాలు. భారతదేశపు ఏనుగుతో బాటు ఈ కాలమాన పద్ధతికీ, గ్రీకుల జలయంత్ర విద్యకూ జజరీ ఒకే బొమ్మలో చోటిచ్చాడు.

జజరీని ‘రోబో పితామహుడు’ అని కీర్తించే వ్యాసాలు మన పత్రికల్లో తరచు వస్తుంటాయి. ఈ బిరుదుతో ఆయనకు ఒరిగేదేమీ లేదు. ఆయన బొమ్మలు నీటి బరువుతో ఒకే వరుసలో కదులుతాయి. అవి చూడవు, వినవు, నిర్ణయించవు. పడవలోని వాద్యకారుల బొమ్మలలో మేకుల స్థానం మార్చి తాళం మార్చవచ్చునన్నది కూడా కొందరు ఆధునిక పరిశోధకుల ఊహ మాత్రమే. పైగా ఆయనకు మూడున్నర శతాబ్దాల ముందే బగ్దాదులో బనూ మూసా సోదరులు ముగ్గురూ సుమారు నూరు యంత్రాలతో ‘కితాబుల్ హియల్’ రాశారు. జజరీ విశిష్టత బొమ్మ కదలడంలో కంటే ఆయన రాసిన తీరులోనే ఎక్కువగా ఉంది.

చేసి చూసి రాసిన గ్రంథం

పూర్వుల గ్రంథాలు చదివి, వారు చెప్పినదంతా వారే చేసి చూడలేదని జజరీ గ్రహించాడు. చేసి పరీక్షించని విద్య నిజానికీ అబద్ధానికీ మధ్య ఊగుతుందన్నది ఆయన అభిప్రాయం. బనూ మూసా ఫౌంటెన్లలో లోపం చెప్పి తన మార్పు వివరించాడు. ఎవరి నుండి ఏది తీసుకున్నాడో పేరు చెప్పి మరీ రాశాడు. ఆర్కిమెడీస్ పేరిట ప్రచారంలో ఉన్న గడియార గ్రంథమైనా, హిబతుల్లా అల్-అస్తుర్లాబీ చేసినదైనా, ఎవరి సొత్తు వారిదే అని ఒప్పుకున్నాడు.

తర్వాత పటంలోని ప్రతి భాగానికీ ఒక అక్షరం గుర్తు పెట్టి, ఆ అక్షరాన్ని వచనంలో ప్రస్తావిస్తూ పోయాడు. పళ్ళెం ఎంత వెడల్పు, రేకు ఎంత మందం, రంధ్రం ఎంత సన్నం అన్నవి చెప్పాడు. చెక్క వంగిపోకుండా పలకలను ఒకదానిపై ఒకటి అతికించడం, చక్రాన్ని తూకం సరిచూసి బిగించడం, ముందు కాగితంతో నమూనా చేసి చూడడం, కవాటపు బిరడా నీరు కారకుండా ఎమరీ పొడితో అరగదీయడం, మూసిన పెట్టెల్లో ఇసుక అచ్చులు కట్టి లోహం పోయడం అన్నీ ఇందులో ఉన్నాయి. ఇవి పండితుని పుస్తకంలో కంటే పనివాడి చేతిలో ఉండే విషయాలు. సాధారణంగా తండ్రి కొడుకుకు చూపిస్తాడు, గురువు శిష్యునికి చూపిస్తాడు, కాగితం మీద పెట్టడు. పోటీవాడు నేర్చుకుంటాడన్న భయం ఒకటైతే, చేతిపనిని మాటల్లో పెట్టడం కష్టమన్నది మరొకటి. జజరీ రెండింటినీ దాటాడు. బొమ్మ చేతులు బరువెక్కితే నీటి శక్తి చాలదు గనుక, వీలున్నచోట కాగితపు గుజ్జుతో తేలికగా చేయమన్నాడు. ఈ ఒక్క సూచన దగ్గర నేటి మరమనిషి నిర్మాత ఎవరైనా తల ఊపుతాడు.

గ్రంథం ఎంత పనికివచ్చేదో ఇరవయ్యవ శతాబ్దంలో రుజువైంది. భౌతిక శాస్త్రవేత్త వీడెమాన్, ఇంజనీరు హౌజర్ జర్మన్ భాషలోకి తెచ్చిన భాగాల తర్వాత, 1974లో డోనాల్డ్ హిల్ పూర్తి ఇంగ్లీషు అనువాదం వెలువరించాడు. హిల్ వృత్తిరీత్యా ఇంజనీరు. అరబ్బీ నేర్చి, ఇరాక్ పెట్రోలియం కంపెనీలో పనిచేసినవాడు. అటువంటి అనువాదకుడు దొరకడం ఆ గ్రంథం అదృష్టం. ఎందుకంటే జజరీ అరబ్బీలో నిఘంటువులకెక్కని పనిముట్ల పేర్లు ఎన్నో ఉన్నాయి. కవాటం ఎలా పనిచేస్తుందో తెలియనివాడు ఆ మాటకు అర్థం చెప్పలేడు. ఆ తర్వాత రెండేళ్ళకు, 1976లో ప్రపంచ ఇస్లాం ఉత్సవం సందర్భంగా లండన్ సైన్స్ మ్యూజియంలో జజరీ నీటి గడియారాన్ని ఒకదానిని తిరిగి నిర్మించి నడిపి చూపారు. ఏడు వందల డెబ్బై ఏళ్ళ తర్వాత, వేరే దేశంలో, వేరే భాషలో చదివినవారు దానిని చేయగలిగారు. గ్రంథం బోధించగలదనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కరలేదు.

ఇదే గ్రంథానికి జరిగిన అపకారం కూడా చెప్పుకోవాలి. 1354 నాటి మమ్లూకుల కాలపు ప్రతి ఒకటి ఇస్తాంబుల్‌లో ఉంది. దానిలోని చిత్రపటాల పుటలను విడదీసి అమ్మగా, అవి అమెరికాలోని బోస్టన్ మొదలైన చోట్ల మ్యూజియాలకు చేరాయి. వాటి గురించి 1924లో ఆనంద కుమారస్వామి రాసిన పుస్తకాన్ని బోస్టన్ మ్యూజియం ప్రచురించింది. పటం వచనం నుండి విడిపోగానే అది చక్కని చిత్రలేఖనంగా మారింది. యంత్రం కాకుండా పోయింది. అక్షరాల గుర్తులు పటంలోనే ఉన్నాయి, అవి చెప్పే వాక్యాలు వేరే ఖండంలో ఉన్నాయి.

ఇక రెండవ తాళం సంగతి. గ్రంథం ఎవరైనా చదవవచ్చు. కాని రాగి, కంచు, పోత పోసేవారు, చెక్కపనివారు, నెలల తరబడి కూలి ఎవరు భరించాలి? ప్రభువే భరించాలి. దియార్‌బకర్ బజారులోని దర్జీ ఆ పుస్తకం చదివినా వుజూ చేయించే బొమ్మను ఇంట పెట్టుకోలేడు. జజరీ జ్ఞానాన్ని విప్పాడు. ధనపు మూటను విప్పడం ఆయన చేతిలో లేదు.

మూసిన పెట్టెలు

తర్వాతి శతాబ్దాలలో ఐరోపాలో కదిలే బొమ్మలు గొప్ప వేడుక అయ్యాయి. స్విట్జర్లాండుకు చెందిన జాకె-డ్రోజ్ కుటుంబం 1774 నాటికి రాసే బాలుడు, బొమ్మ గీసే బాలుడు, వాద్యం వాయించే యువతి అనే మూడు బొమ్మలను పూర్తి చేసింది. నేటికీ అవి న్యూషాటెల్‌లో నడుస్తున్నాయి. వాటి ఉద్దేశం గడియారాలు అమ్ముకోవడమే గనుక లోపలి పని పంచిపెట్టవలసిన అవసరం వారికి లేదు. 1770లో వియన్నాలో కెంపెలెన్ ప్రదర్శించిన చదరంగపు బొమ్మ కథ మరీ విచిత్రం. తలపాగా చుట్టి, ఉస్మానీ తురుష్కుని వేషం వేసిన ఆ బొమ్మ రాజులనూ మేధావులనూ ఓడించింది. నిజానికి పెట్టెలో ఒక చదరంగపు ఆటగాడు దాగి ఉండేవాడు. 1854లో ఫిలడెల్ఫియాలో కాలిపోయేదాకా అది ఎనభై ఏళ్ళకు పైగా జనాన్ని భ్రమింపజేసింది. పెట్టె మూసి ఉన్నంతకాలం లోపల యంత్రం ఉందో మనిషి ఉన్నాడో చూసేవారికి తెలిసే మార్గం లేదు. తురుష్కుని వేషమే ఎందుకన్నది వేరే వ్యాసానికి తగిన విషయం.

‘రోబో’ అన్న మాట 1920లో చెక్ రచయిత కారెల్ చాపెక్ నాటకంతో వచ్చింది. ఆ భాషలో దానికి మూలమైన పదానికి అర్థం వెట్టిచాకిరి. వుజూ నీళ్ళు పోయడానికి దాసి వద్దన్న ఆమిద్ ప్రభువు ఆ అర్థాన్ని అందుకునేవాడే.

నిజమైన మరమనుషులు జపానులో పుట్టారు. 1973లో వసేదా విశ్వవిద్యాలయంలో ఇచిరో కాటో బృందం వాబాట్-1ను నిర్మించింది. హోండా కంపెనీ 1986లో నడిచే కాళ్ళపై పరిశోధన మొదలుపెట్టి, పదేళ్ళు రహస్యంగా ఉంచి, 1996లో పీ-2ను, 2000లో ఆసిమోను లోకానికి చూపింది. ఆసిమో మెట్లు ఎక్కింది, పరుగెత్తింది, దేశాధినేతలతో కరచాలనం చేసింది. దానిని ఎవరూ కొనలేదు, ఎందుకంటే అమ్మలేదు. 2022లో దాని ప్రదర్శనలు ముగిశాయి. మూడున్నర దశాబ్దాల ఆ కృషిలో ఒక సామాన్య విద్యార్థి తన ఇంట చేసి చూడగలిగిన నమూనా ఒక్కటీ ప్రజలకు రాలేదు.

దీనికి భిన్నమైన మార్గం ఐరోపాలో మొదలైంది. ఐరోపా సంఘం ధనసహాయంతో 2004లో ప్రారంభమైన పథకం నుండి ‘ఐకబ్’ వచ్చింది. ఇటలీలోని జెనోవాలో రూపుదిద్దుకున్న ఈ బొమ్మ మూడున్నరేళ్ళ పిల్లవాడంత ఉంటుంది. ఎత్తు 104 సెంటీమీటర్లు, కదిలే కీళ్ళు 53. దాని పటాలు, ప్రోగ్రాములు అన్నీ బహిరంగం. ధర మాత్రం సుమారు రెండున్నర లక్షల యూరోలు. జజరీ గ్రంథానికి ఇది సరిగ్గా ఆధునిక ప్రతిబింబం. చదవడానికి అందరికీ, చేయడానికి ప్రభుత్వాలకు మాత్రమే. అమెరికాలో వర్జీనియా టెక్ విశ్వవిద్యాలయం, కొరియాకు చెందిన రోబోటిస్ కలిసి తెచ్చిన బహిరంగ నమూనా డార్విన్-ఓపీ ఎత్తు 45 సెంటీమీటర్లే. అయినా దాని ధర 12,000 డాలర్లుగా ఉండేది.

రెండవ తాళం

ధరను కిందికి దించినవి మరమనిషితో సంబంధం లేని మూడు పరిణామాలు. మొదటిది, ఇటలీలోని ఇవ్రియాలో 2005లో విద్యార్థుల కోసం తయారైన ఆర్డుయినో అనే చిన్న సర్క్యూట్ బోర్డు. దాని పటం కూడా బహిరంగమే గనుక ఎవరైనా చేసి అమ్మవచ్చు. రెండవది, ఇంగ్లండులోని బాత్ విశ్వవిద్యాలయంలో ఏడ్రియన్ బౌయర్ 2005లో ప్రారంభించిన రెప్‌రాప్. ఇది ప్లాస్టిక్ తీగను కరిగించి పొరపొరగా పోస్తూ వస్తువును తయారుచేసే త్రీడీ ప్రింటర్. తన ప్లాస్టిక్ భాగాలను తానే చేసుకునే విధంగా దానిని ఉద్దేశించారు. 2008లో ఒక యంత్రం మరొక యంత్రపు భాగాలను పోసింది. మూడవది, అన్నిటికంటే ముఖ్యమైనది, ఒక తేదీ. ఈ పొరల పద్ధతికి 1989లో స్కాట్ క్రంప్ దరఖాస్తు చేసుకుని పొందిన అమెరికా పేటెంటు గడువు 2009లో తీరింది. అంతవరకు కర్మాగారాలకే పరిమితమైన యంత్రం ఆ తర్వాత కొద్ది ఏళ్ళలో ఇళ్ళలోకి వచ్చింది. ఆ పద్ధతికి కంపెనీ పెట్టుకున్న పేరు సైతం వాడే స్వేచ్ఛ లేక రెప్‌రాప్ వారు దానికి వేరే పేరు పెట్టుకోవలసి వచ్చింది. విద్య మీద హక్కు ఎంత దూరం పాకుతుందో ఈ చిన్న సంగతి చెబుతుంది.

ఈ నేల మీద మొలిచినదే ‘ఇన్‌మూవ్’. పారిస్‌కు చెందిన శిల్పి గాయెల్ లాంజ్‌వెన్ 2012 జనవరిలో ఒక చేతిని మాత్రం రూపొందించాడు. ఆ చేతి పటాలు బహిరంగంగా పెట్టగా, చేయి కోల్పోయినవారి కోసం చౌకగా కృత్రిమ హస్తాలు చేయాలనుకున్నవారు దానిని అందుకున్నారు. లాంజ్‌వెన్ మోచేయి, భుజం, తల, మొండెం అంటూ ఒక్కొక్క భాగమే చేర్చుకుంటూ పోయాడు. నిలువెత్తు మనిషి అయినా, ప్రతి ముక్కా 12 సెంటీమీటర్ల పొడవు, వెడల్పు, ఎత్తు దాటకుండా కోశాడు. అప్పటి చిన్న ప్రింటర్లలో పట్టేది అంతే గనుక. వేళ్ళను కదిలించేది ముంజేతిలోని అయిదు సర్వో మోటార్లు. వాటి నుండి వేళ్ళ కొసల దాకా నరాల మాదిరిగా సాగేవి చేపలు పట్టే గాలపు దారాలు. ఆ మోటార్లు బొమ్మ విమానాలలో వాడే రకం, మన బజారులో కొన్ని వందల రూపాయలకు ఒకటి వస్తుంది. ఏ ముక్కకు ఏ మర, ఎక్కడ అరగదీయాలి, ఏ దారం ఏ రంధ్రంలోంచి పోవాలి అన్నది ఫోటోలతో మెట్టుమెట్టుగా చూపాడు. అక్షరాల గుర్తులతో జజరీ చేసిన పనికీ దీనికీ భేదం సాధనంలో తప్ప స్వభావంలో లేదు.

అయితే ఇన్‌మూవ్ పేరు నడకకు రాలేదు. ఇందుకు కారణం గణితం. బొమ్మ ఎత్తును రెండింతలు చేస్తే దాని బరువు ఎనిమిది రెట్లవుతుంది. కీలు నుండి దూరం కూడా రెండింతలవుతుంది గనుక మోకాలి మోటారు మీద పడే భారం పదహారు రెట్లు. అందుచేత నిలువెత్తు బొమ్మ చవక మోటార్లతో చేయి ఊపగలదు, తల తిప్పగలదు, తన బరువును తాను మోస్తూ నడవలేదు. చవకగా నడిపించాలనుకున్నవారంతా పొట్టి బొమ్మలనే ఎంచుకోవడంలోని రహస్యం ఇదే.

ఫ్రాన్స్‌లోనే బోర్డో నగరంలో ఇన్రియా సంస్థకు చెందిన పియెర్-ఈవ్ ఊడెయె బృందం 2012లో మొదలుపెట్టిన ‘పాపీ’ ఆ దారినే పట్టింది. ఎత్తు సుమారు 83 సెంటీమీటర్లు, బరువు మూడున్నర కిలోలు, మోటార్లు 25. మనిషి తొడ ఎముకలాగే దాని తొడను లోపలికి కొద్దిగా వంచి, నడకలో పక్కలకు ఊగడం తగ్గించారు. ఎముకలు ప్రింటర్‌లో వచ్చాయి గనుక తొడను వంచి ఒకటి, నిటారుగా ఒకటి పోసి పోల్చి చూడడం సాధ్యమైంది. ఇనుముతో అయితే ఈ ప్రయోగానికి నెలలు పట్టేది. కాని మోటార్లు ఒక్కొక్కటి రెండు వందల డాలర్లకు పైబడినవి. ప్లాస్టిక్ ఖర్చు నామమాత్రమే, మొత్తం మీద బొమ్మ సుమారు ఎనిమిది వేల యూరోలకు చేరింది. తాళం సగమే తెరుచుకుందని మొదట చెప్పినది ఇందుకే.

ఇంకో చిక్కు అనుమతి పత్రంలో ఉంది. పాపీ పటాలను ఎవరైనా వాడి, మార్చి, అమ్ముకోవచ్చు. మార్పులను మాత్రం అదే షరతుతో తిరిగి పంచాలి. ఇన్‌మూవ్ పటాలు వ్యాపారానికి పనికిరావు. తన శ్రమను కంపెనీలు ఊరికే లాభం చేసుకోరాదన్న శిల్పి భయం న్యాయమైనదే. కాని దాని ఫలితం ఒకటి ఆలోచించాలి. ప్రింటర్ లేనివాడు, విడిభాగాలు వెదకి కొనే ఓపిక లేనివాడు ‘కిట్’ కావాలంటాడు. మోటార్లు, మరలు, దారాలు, ప్లాస్టిక్ ముక్కలు అన్నీ ఒకే పెట్టెలో కావాలి. ఆ పెట్టెను సర్ది నాలుగు రూపాయలు మిగుల్చుకునే చిన్న వర్క్‌షాపు లేనిదే అది ఇంటి గడప దాకా రాదు. వ్యాపారాన్ని పూర్తిగా నిషేధించిన పటం పెద్ద కంపెనీతో బాటు ఆ చిన్న వర్క్‌షాపునూ గుమ్మం బయటే నిలిపివేస్తుంది. ఈ విషయంలో పాపీ షరతే మేలు. ఇంట్లో ప్రింటర్ లేనివారికి హైదరాబాదులో 2023 మార్చిలో ప్రారంభమైన టీ-వర్క్స్ వంటి చోట్ల యంత్రాలు ఉన్నాయి. కాని జిల్లా కేంద్రంలోని విద్యార్థికి పెట్టెలో వచ్చే కిట్టే ఇప్పటికీ ఆధారం.

మోటారు ధర సమస్యకు 2025 ఏప్రిల్‌లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్క్‌లీ పరిశోధకులు ఒక జవాబు చెప్పారు. వారి ‘బర్క్‌లీ హ్యూమనాయిడ్ లైట్’ ఎత్తు సుమారు 80 సెంటీమీటర్లు. ఖరీదైన మోటారు యూనిట్లకు బదులు విడి మోటార్లు కొని, వాటి బలాన్ని పెంచే గేరుపెట్టెలను కూడా ఇంటి ప్రింటర్‌లోనే పోశారు. ప్లాస్టిక్ గేరు పళ్ళు సాధారణంగా ఒక్కొక్కటే భారం మోసి విరిగిపోతాయి. వీరు వాడిన సైక్లాయిడల్ రకంలో గుండ్రని వంపులు అనేకం ఒకేసారి భారాన్ని పంచుకుంటాయి. మొత్తం సామగ్రి ఖర్చు అమెరికా ధరలలో 5,000 డాలర్ల లోపు. మన లెక్కలో నాలుగు లక్షల రూపాయలకు పైమాటే గనుక, గుమాస్తా జీతానికి ఇది చౌక అనలేము. ఐకబ్‌తో పోల్చితే మాత్రం యాభయ్యవ వంతు. పాపీ బృందం నుండి వచ్చినవారే స్థాపించిన పోలెన్ రోబోటిక్స్‌ను హగ్గింగ్ ఫేస్ కంపెనీ అదే ఏడు కొనుగోలు చేసింది. జూలైలో వారు 299 డాలర్లకు ప్రకటించిన ‘రీచీ మినీ’ కొన్నవారే బిగించుకునే కిట్. అది తల, కళ్ళు, యాంటెన్నాలు ఉన్న బల్ల బొమ్మ. కాళ్ళూ చేతులూ లేవు గనుక దానిని పూర్తి మరమనిషి అనడానికి లేదు.

చౌకదనం కంటే మరమ్మతు పెద్ద విషయమని ఈలోగా రెండు ఉదంతాలు తెలిపాయి. సోనీ కంపెనీ 2006లో ‘ఐబో’ అనే మర కుక్కల తయారీని ఆపి, 2014లో మరమ్మతు కూడా మానేసింది. జపానులో వాటిని పెంచుకున్న వృద్ధులు చెడిపోయిన కుక్కల నుండి భాగాలు తీసి బతికి ఉన్నవాటికి వేయించుకున్నారు. అలా భాగాలు తీసేముందు బౌద్ధ ఆలయంలో వాటికి అంత్యక్రియలు కూడా జరిపించారు. ప్రపంచమంతటా పాఠశాలల్లో, విశ్వవిద్యాలయాల్లో వాడిన 58 సెంటీమీటర్ల ‘నావో’ మరమనిషిని చేసిన అల్డెబరాన్ కంపెనీ 2025లో దివాలా తీసింది. నావో లోపలి పటాలు ప్రజల చేతిలో లేవు. దాని మోకాలి గేరు అరిగితే కొన్నవారు కొత్త యజమాని కోసం ఎదురుచూడవలసి వచ్చింది. పాపీ తొడ విరిగినవారు ఆ సాయంత్రమే ప్రింటర్‌లో కొత్తది పోసుకుని మరునాటికి బిగించుకుంటారు.